ఆర్లిస్ కాపు కాసిన అమ్మాయి

బ్రాంట్ ఊళ్ళో చలికాలం అంటే మంగళవారం, శుక్రవారం. తక్కిన రోజులు ఆ రెంటి కోసం కాచుక్కూర్చోడానికి పుట్టినవే. ఆ రెండు సాయంత్రాలూ పాలు పితకడం పెందలాడే ముగించి, బూట్లకంటిన పేడ మంచులో రుద్ది, ఊరు ఊరంతా బడిలో ఉన్న ఆటల హాలుకి చేరేది. పాస్టరు గారి దగ్గర్నుంచి గోదాములో ధాన్యం తూచే మనిషి దాకా ఎవరి చోటు వాళ్ళకుండేది. ఒకళ్ళ చోట్లో ఒకళ్ళు కూచుంటే వారం రోజులు పలకరింపులుండేవి కావు. మగపిల్లల ఆటా ఉండేది గానీ, ఆడపిల్లల ఆట అయిపోగానే సగం హాలు ఖాళీ అయ్యేది. అయోవా రాష్ట్రంలో పల్లెలన్నీ ఆ రోజుల్లో అంతే. అక్కడ ఆట అంటే ఆడపిల్లలదే.

ఆర్లిస్ రీకెనా అలాంటి ఊళ్ళో నాలుగేళ్ళు గార్డుగా ఆడింది.

అప్పటి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఇప్పటిలా ఉండేది కాదు. జట్టుకి ఆరుగురు. కోర్టు నడుమ గీత. ముగ్గురు ఫార్వర్డులు గీతకి అటు, ముగ్గురు గార్డులు ఇటు. దాన్ని ఎవరూ దాటకూడదు. బుట్టలో బంతి వేసేది ఫార్వర్డులే. అవతలి జట్టు ఫార్వర్డులు తమ వైపు బుట్టలో వెయ్యకుండా అడ్డుపడటం, బంతి చేజిక్కితే గీత మీదుగా తమవాళ్ళకి అందించడం గార్డుల పని. అందించాక ఇక గీత దగ్గర నిలబడి, అటువైపు ఏం జరుగుతోందో ఊరి జనంతో పాటు చూడటమే. నాలుగేళ్ళలో ఆర్లిస్ ఒక్క పోటీలోనూ బుట్టకేసి బంతి విసరలేదు. విసరకూడదు కూడా.

ఆమెని ఆటలోకి దింపింది ఎకాఫ్ మాస్టారు. బడిలో చరిత్ర చెప్పేవాడు, జట్టుని తయారుచేసేవాడూ ఆయనే. ఒకనాడు గుడ్లకోసం రీకెనాల ఇంటికి వెళితే, పద్నాలుగేళ్ళ పిల్ల తెరిచి ఉన్న గేటు ముందు నిలబడి, దున్నపోతంత ఆడపందిని దాటనివ్వకుండా ఆపుతోంది. చేతిలో కర్ర లేదు, నోట అరుపు లేదు. పంది ఎటు కదిలితే అటు, ఒక్కోసారి అది కదలకముందే అటు. మాస్టారు గుడ్లబుట్ట కింద పెట్టేసి చూస్తూ నిలబడ్డాడు.

"అదెటు పోతుందో నీకెలా తెలుస్తోందమ్మాయ్?"

"ముక్కు అబద్ధమాడుతుంది మాస్టారూ. భుజం ఆడదు."

"సోమవారం నుంచి బడయ్యాక ఇంటికి రాకు. హాలుకి రా."

"మరి సాయంత్రం పాలెవరు పితుకుతారు?" అన్నాడు ఆర్లిస్ తండ్రి కొట్టంలోంచి.

"నీకు చేతుల్లేవా రీకెనా?" అన్నాడు మాస్టారు.

అలా మొదలైంది. ఆర్లిస్ పొడగరి, మాట తక్కువ, అరచేతులు రొట్టెలు కాల్చే పెనాలంత. ఆ ఊరి కంటివెలుగు మాత్రం లవాన్ మైంట్స్. లవాన్ ఫార్వర్డు. ఆమె చేతిలో బంతి పడితే బుట్టలో పడ్డట్టే. మంగలి షాపు అద్దం పక్కన ఆమె ఫోటో ఉండేది. వీధిలో ఆమె ఎదురైతే పెద్దవాళ్ళు టోపీ ఎత్తేవాళ్ళు. ఆర్లిస్ ఎదురైతే "మీ నాన్న బాగున్నాడా?" అనేవాళ్ళు.

వారం వారం వచ్చే పేపర్లో ఆట వివరాలు పడేవి. ఫార్వర్డుల పేర్ల పక్కన వాళ్ళు వేసిన పాయింట్లు. గార్డుల పేర్ల పక్కన వాళ్ళు మీదపడి చేసిన ఫౌల్ తప్పులు, అంతే. తండ్రి కాఫీ తాగుతూ పైకి చదివేవాడు. "లవాన్ మైంట్స్, నలభై ఒకటి. అబ్బో! ఆర్లిస్ రీకెనా, మూడు తప్పులు. ఏం తల్లీ, మరీ మూడేనా? ఒళ్ళు దాచుకుంటున్నావా?" ఆయన మెచ్చుకోవడం అలాగే ఉండేది. ఆర్లిస్ తలొంచుకుని రొట్టెకి వెన్న రాసుకునేది, లోపల్లోపల నవ్వుకుంటూ.

తూర్పున పక్క ఊరు నార్డెన్. మొక్కజొన్న చేల మీదుగా వాళ్ళ నీళ్ళ ట్యాంకు బ్రాంట్‌వాళ్ళ కళ్ళల్లో నలుసులా ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. రెండూళ్ళవాళ్ళూ ఒకే చర్చి శాఖవాళ్ళు, ఒకే పడవలెక్కి వచ్చిన ముత్తాతల సంతానం, ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు చేసుకున్నవాళ్ళు. అయినా చలికాలం వచ్చిందంటే బద్ధశత్రువులే. నార్డెన్ జట్టులో థీడా సాథాఫ్ అని ఒక ఫార్వర్డు ఉండేది. ఎర్రజుట్టు, సన్నటి నడుము, నిప్పుతునకలాంటి మనిషి. ఒకసారి బంతి వేసి, బ్రాంట్ జనం వైపు తిరిగి నాలుక చాపింది. ఆ దెబ్బతో ఊళ్ళో ముసలమ్మలు సైతం ఆమె పేరెత్తితే పళ్ళు నూరడం మొదలుపెట్టారు.

ఆ థీడాని కాపు కాసేది ఆర్లిస్. నాలుగు చలికాలాలు ఆమె భుజానికి భుజం ఆనించి, ఆమె ఊపిరి వింటూ, ఆమె చెమట తన చేతికి అంటుకుంటూ ఉండగా ఆడింది. బంతి అటువైపు వెళ్ళిపోయినప్పుడల్లా ఇద్దరూ గీత దగ్గర పక్కపక్కనే ఊరికే నిలబడాలి కదా. అప్పుడు థీడా నోరు ఊరుకునేది కాదు. పెదవులు కదలకుండా మాట్లాడటంలో ఆరితేరిన మనిషి.

"ఏమే పాలపిల్లా, ఇవాళ ఎన్ని బిందెలు పితికావ్?"

ఆర్లిస్ గీత అవతలి బంతినే చూసేది.

"ఆ చేతులేంటే బాబూ! చూస్తే మా నాన్న గుర్తొస్తున్నాడు."

"మీ నాన్న కూడా నిన్ను బంతి వెయ్యనిచ్చేవాడు కాదా?" అంది ఆర్లిస్ ఒకరోజు, ఉన్నట్టుండి.

థీడాకి నవ్వాగలేదు. ఆ నవ్వులో తన వైపు వచ్చిన బంతి చూసుకోలేదు. అది వెళ్ళి పాస్టరు గారి ఒళ్ళో పడింది. ఆర్లిస్‌కి బడిలో స్నేహితురాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు. కానీ ఏ మనిషి ఎడమవైపు తిరిగేముందు కింది పెదవి తడుపుకుంటుందో, భయమేస్తే ఏ కాలి మీద బరువు వేస్తుందో ఆమెకి తెలిసింది థీడా ఒక్కతి విషయంలోనే. కోర్టు బయట ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. సంతలో ఎదురుపడితే చెరో పక్కకీ చూసేవాళ్ళు. ఊరు చూస్తుంది మరి.

అరవై ఒకటో సంవత్సరం మార్చిలో, ఇద్దరికీ బడిలో అదే ఆఖరి ఏడు, జిల్లా ఫైనల్లో బ్రాంట్, నార్డెన్ తలపడ్డాయి. గెలిచినవాళ్ళు రాష్ట్ర రాజధాని డెస్ మోయిన్స్ వెళతారు. రాష్ట్రమంతా చూసే పోటీ అది. బ్రాంట్ ఊరు అంతవరకూ ఆ గడప తొక్కలేదు. లవాన్ ఉంది కాబట్టి ఈసారి ఖాయమనుకున్నారు. గెలిచి వచ్చే బస్సుకి ఎదురెళ్ళి ఊరేగించడానికి, ఫైరింజను కడిగి తుడిచి రోడ్డు మీద సిద్ధంగా పెట్టారు.

ఆ రోజు మొదట్నుంచీ ఆర్లిస్‌కి ఏదో తేడాగా అనిపించింది. థీడా ఎప్పటిలా తుంటితో గుద్దడంలేదు. పక్కకి తిరిగి, మోచెయ్యి ముందుకి పెట్టుకుని ఆడుతోంది. ఎగతాళి లేదు. నోటి దగ్గర, వికారానికి తినే ఉప్పు బిస్కెట్ల వాసన. సగం ఆట అవబోతుండగా బంతికోసం ఇద్దరూ ఒకేసారి ఎగిరారు. ఆర్లిస్ భుజం తగిలి థీడా కింద పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. థీడా చెయ్యి మోకాలి మీదకి పోలేదు. రెండు చేతులతోనూ పొట్ట పట్టుకుంది.

తలెత్తి చూసింది. ఆర్లిస్ చూస్తోంది. థీడా చప్పున చేతులు తీసేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. కొట్టంలో ఏడాదికి ముప్పై ఈతలు చూసిన పిల్లకి ఆ చూపు అర్థం కావడానికి ఎంతసేపు?

ఆట మళ్ళీ మొదలైంది. ఆర్లిస్ ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది.

"ఏంటే, అంత దూరం జరిగావ్?" అంది థీడా పళ్ళ సందున. "రా దగ్గరికి."

ఆర్లిస్ రాలేదు.

"నా మీద జాలిపడకు. రాకపోతే వేసేస్తా."

"వేసుకో" అంది ఆర్లిస్.

థీడా వేసింది. మళ్ళీ వేసింది. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. "మీద పడవే! నిద్రపోతున్నావా? ఆర్లిస్!" ఎకాఫ్ మాస్టారు రెండుసార్లు ఆట ఆపించి చెప్పాడు. ఆమె తలూపింది, వెళ్ళి మళ్ళీ అదే అడుగు దూరంలో నిలబడింది. అటువైపు లవాన్ ప్రాణం పెట్టి ఆడింది. ఎన్ని వేసినా ఇటువైపు అన్నీ తిరిగి వచ్చేస్తున్నాయి. ఆఖరి బంతి థీడాదే. ఆర్లిస్ చేతులు ఎత్తింది గానీ మీదకి పోలేదు. ఒక్క బుట్ట తేడాతో బ్రాంట్ ఓడిపోయింది. నార్డెన్ పిల్లలు థీడాని ఎత్తుకోబోతే తప్పించుకుని, గోడవైపు తిరిగి నిలబడింది.

"అడుగు దూరం ఉన్నావ్. ఎందుకు?" అన్నాడు మాస్టారు బస్సు ఎక్కేముందు.

"తెలీదు మాస్టారూ."

"నీకు తెలీకపోవడం ఏంటి?" అని కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఫైరింజను వెనక్కి షెడ్డులోకి పోయింది. లవాన్ దారంతా కిటికీకి తల ఆనించి కూచుంది. ఆ తర్వాత బడి ముగిసేదాకా ఆర్లిస్‌తో మాట్లాడలేదు.

చెప్పేస్తే సరిపోయేది. కానీ ఏమని చెప్పాలి, ఎవరికి చెప్పాలి? అది థీడా బతుకు. ఊళ్ళో ఒక్క చెవిన పడితే సాయంత్రానికి రెండూళ్ళూ నమిలేస్తాయి. డెస్ మోయిన్స్‌లో థీడా ఆడలేదని, ఒంట్లో బాగోలేదన్నారని పేపర్లో వచ్చింది. వసంతం ముగియకముందే లారీ తోలే కుర్రాణ్ణి పెళ్ళిచేసుకుని డకోటా వైపు వెళ్ళిపోయిందట. బ్రాంట్‌వాళ్ళకి అదీ ఒక వేడుకే. "ఆ నోటికి ఆ మాత్రం మొగుడు దొరకడమే గొప్ప" అనుకున్నారు.

ఆర్లిస్ పరాజయాన్ని మాత్రం ఊరు మర్చిపోలేదు. అదేం పగ కాదు, ఎవరూ ఆమెని వెలివెయ్యలేదు. ఆమె వండుకొచ్చిన రూబార్బ్ పై అనే పుల్లటి తీపిరొట్టె చర్చి విందుల్లో ముందే అయిపోయేది. అయినా కాఫీ హోటల్లో రైతులు కుర్రాళ్ళతో, "పశువుల దొడ్డి గేటు వేసి రారా, ఆర్లిస్‌లా బార్లా తెరిచిపెట్టకు" అనేవాళ్ళు. ఆమె ఎదురుగా ఉన్నా అనేవాళ్ళు. ఆమె నవ్వేది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఊరి మాట అయిపోయింది. ఆ ఆట చూడని పిల్లలు కూడా, ఆ ఆర్లిస్ ఎవరో తెలియకుండానే, అది వాడేవాళ్ళు.

ఆమె హార్లన్ అనే రైతుని చేసుకుంది. మంచివాడు, మాట ఖర్చుపెట్టని మనిషి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాడు. "ఆ రోజు నిజంగా ఏమైంది?"

"ఏం లేదు."

"సరే" అన్నాడు. అతను ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేదేనేమో. అడగలేదు. పిల్లలు కలగలేదు. పాలు, పంటలు, చర్చి, చలికాలంలో మంగళ శుక్రవారాలు. హార్లన్ కింది వరసలో మగవాళ్ళతో కూచునేవాడు. ఆర్లిస్ పై మెట్టు మీద గోడకి ఆనుకుని కూచునేది. జనమంతా బంతిని చూస్తుంటే ఆమె బంతి లేని పిల్లల్ని చూసేది.

తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి తగ్గుతూ వచ్చాయి. ఆరుగురి ఆట తీసేసి అందరూ ఆడే అయిదుగురి ఆట పెట్టారు. పిల్లలు చాలక బ్రాంట్ బడి మూసి నార్డెన్ బడిలో కలిపేశారు. ఒకప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని ఊళ్ళవాళ్ళు ఒకే రంగు చొక్కాలేసుకుని ఒకే బల్లమీద కూచున్నారు. అలా కూచున్నా నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలేవాళ్ళు. ఒక వసంతంలో విత్తనాలు వేస్తూ వేస్తూ హార్లన్ ట్రాక్టరు మీదే గుండె ఆగి పోయాడు. ట్రాక్టరు మెల్లగా పోయి కంచెకి ఆనుకుని ఆగింది. ఆర్లిస్ ఆవుల్ని అమ్మేసి, పొలం కౌలుకిచ్చింది. మాట్లాడితే తన గొంతు తనకే కొత్తగా వినిపించేంత నిశ్శబ్దం ఇంట్లో. అది భరించలేక నార్డెన్‌లోని వృద్ధుల ఆశ్రమంలో మధ్యాహ్నం భోజనాలు అందించే పనిలో చేరింది.

అక్కడికొచ్చింది థీడా. ఆశ్రమంలో చేర్చే వయసేం కాదు, ఇద్దరికీ ఇంకా డెబ్భై రాలేదు. చక్కెర జబ్బుతో ఒక కాలు తీసేశారు. ఎర్రజుట్టు తెల్లబడి పీచులా ఉంది. పుట్టిన ఊళ్ళో ఉంటానని పట్టుబడితే కూతురు కరిన్ తెచ్చి దించి వెళ్ళింది. ఆర్లిస్ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పేరు చూడలేదు.

"ఉప్పులేని బంగాళాదుంపలు. ఇవి తినడానికా, గోడకి పుయ్యడానికా?" అంది థీడా. పళ్ళెం వదులుతున్న చేతిని చటుక్కున పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమే" అంది నెమ్మదిగా. "పాలపిల్లా!"

ఆర్లిస్‌ని 'ఏమే' అని పిలిచే మనిషి భూమ్మీద ఒక్కరు కూడా మిగల్లేదనుకుంది ఆమె. "ఉప్పు నీకు పనికిరాదన్నారు" అని మాత్రం అనగలిగింది.

అప్పట్నుంచి పని ముగిశాక ఆర్లిస్ ఇంటికి పోయేది కాదు. థీడా గదిలో కిటికీ పక్కన రమ్మీ ఆడేవాళ్ళు. థీడా పేక దొంగిలించేది. ముక్క దాచేముందు కింది పెదవి తడుపుకునేది. ఆర్లిస్ చూసీ చూడనట్టు ఊరుకునేది. మొదటి మంచు పడ్డ రోజున థీడా ముక్కలు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఆ రోజు నీకు తెలిసిపోయింది కదూ?"

"ఊఁ."

"ఎలాగే? మా అమ్మకే తెలీదు."

"మోకాలు చీరుకుపోతే పొట్ట పట్టుకున్నావు. చూలు ఆవుల్ని చూసినదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

"అంటే నేను ఆవునా?"

"ఆవైతే కాస్త నెమ్మదిగా ఉండేది."

థీడా నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడింది. ఆర్లిస్ నీళ్ళు తాగించింది. "నాకు ఒళ్ళు మండిపోయిందే ఆ రోజు" అంది థీడా. "నువ్వు గెలవనిచ్చావు కాబట్టి గెలిచా. ఆ ముక్క మనిద్దరికే తెలుసు. మర్నాడే మా మాస్టారికి చెప్పేశా, నేనింక ఆడనని." కిటికీలోంచి చూస్తూ మళ్ళీ అంది. "మా ఆయన చెడ్డవాడేం కాదు. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఇంటికొస్తే టీవీ చూసేవాడు. జుట్టు కత్తిరించుకున్నా, ఏడ్చి కళ్ళు వాచినా, చెప్తే తప్ప తెలిసేది కాదు. నువ్వు చూసినట్టు నన్నెవరూ చూళ్ళేదే. నా కన్నకూతురు కూడా."

ఆర్లిస్ చేతిలోని ముక్కలు మసకగా కనిపించాయి. "నీ వంతు" అంది.

ఆ చలికాలం ఆమెకి చాలా చిన్నదైపోయింది. జూన్ నెలలో బ్రాంట్ చర్చి నేలమాళిగలో పాత జట్టుకి విందు చెయ్యాలని ఊరివాళ్ళు తలపెట్టారు. ఆ ఆట జరిగి అప్పటికి యాభై ఏళ్ళు. విషయం వినగానే థీడా చక్రాల కుర్చీలో నిటారుగా కూచుంది.

"నన్ను తీసికెళ్ళు. అందరి ముందూ చెప్తా. వాళ్ళ మొహాలు చూడాలి నేను."

"వద్దు."

"ఎందుకే? కరిన్ గురించా? దానికి లెక్కలు వచ్చు. మా పెళ్ళిరోజు, తను పుట్టినరోజు ఎప్పుడో కలిపి చూసుకుంది."

"అయినా వద్దు థీడా. ఆ గేటు జోక్ లేకపోతే మా ఊళ్ళో మగాళ్ళు కాఫీ తాగుతూ ఏం మాట్లాడుకుంటారు?"

థీడా ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వు మొండిదానివే. అప్పుడూ అంతే" అని వదిలేసింది. ఎందుకు వద్దందో ఆర్లిస్‌కే సరిగ్గా తెలీదు. ఇన్నేళ్ళు ఒక్కతే మోసింది. ఇప్పుడు పదిమంది చేతుల్లో పెడితే తనకంటూ ఇంకేం మిగులుతుంది అనిపించిందేమో.

విందు ఆదివారం ప్రార్థన అయ్యాక పెట్టారు. బన్నుల్లో పంది మాంసం, చీజు పోసి కాల్చిన బంగాళాదుంపలు, ఏడెనిమిది రకాల పైలు. లవాన్ ఒమాహా నుంచి వచ్చింది. దంతవైద్యుడి భార్య, జుట్టు వెండి రంగులో మెరుస్తోంది. అందరూ చుట్టూ మూగారు. గోదాము నడిపే అతను లేచి నాలుగు మాటలు చెప్పి, "ఆ రోజు ఒకరు గేటు తెరవకపోయి ఉంటే, మన ఊళ్ళో గెలుపు కప్పు ఒకటి ఉండేది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆర్లిస్ కూడా నవ్వింది. లవాన్ నవ్వలేదు.

అందరూ వెళ్ళిపోతుంటే ఆర్లిస్ వంటగదిలో పళ్ళాలు కడుగుతోంది. లవాన్ వచ్చి, ఉంగరాలు తీసి పక్కన పెట్టి, తువ్వాలు అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

"ఆ రోజు గీతకి అటువైపు నిలబడి నిన్నే చూశాను" అంది. "అలిసిపోయి కాదు. కావాలనే జరిగావు."

ఆర్లిస్ కడుగుతున్న పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

"ఆ తర్వాత డెస్ మోయిన్స్ బోలెడుసార్లు వెళ్ళా, మా ఆయన మీటింగులకి. కానీ ఆ ఏడు వెళ్ళాల్సింది ఇంకెప్పుడు వెళతాను? యాభై ఏళ్ళుగా అడగాలని. ఎందుకు ఆర్లిస్?"

"ఆ పిల్లకి ఒంట్లో బాగోలేదు."

లవాన్ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దావిడ, ముగ్గురు పిల్లల తల్లి. విడమరిచి చెప్పనక్కర్లేదు. "అయ్యో" అంది. "నాకు చెప్పొచ్చుగా" అంది. "నేను నీ జట్టుదాన్ని. బస్సు దిగేదాకా, నువ్వొచ్చి ఒక్క మాట చెప్తావేమోనని చూశాను. నేను ఊరికి చాటేదాన్ననుకున్నావా?"

తనని అందరూ వదిలేశారనే ఆర్లిస్ ఇన్నేళ్ళూ అనుకుంది. లవాన్ తనకోసం చూస్తూ ఉండి ఉంటుందన్న ఊహే ఆమెకి రాలేదు. ఎదుటి జట్టు పిల్ల కనురెప్ప కదిలితే కనిపెట్టిన మనిషి, తన జట్టు పిల్ల మొహం ఎన్నడూ చూడలేదు. "తోచలేదు లవాన్" అంది. ఇద్దరూ పళ్ళాలన్నీ సర్దేశారు. లవాన్ ఉంగరాలు పెట్టుకుని, ఆర్లిస్ భుజం మీద ఒకసారి చెయ్యివేసి, చీకటి పడకముందే ఒమాహా చేరాలంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోను చేస్తానంది. చెయ్యలేదు. ఆర్లిసూ చెయ్యలేదు.

వేసవి చివర్లో థీడా రెండో కాలికీ పుండు పట్టింది. పెద్దాసుపత్రి దగ్గర్లో ఉండాలని కరిన్ వచ్చి డకోటాలో తనుండే సియోక్స్ ఫాల్స్ తీసుకుపోయింది. కారెక్కిస్తుంటే థీడా, "రమ్మీలో నువ్వు నాకు బాకీ" అంది. "ముక్కలన్నీ నీ శాలువాలోనే ఉన్నాయి, చూసుకో" అంది ఆర్లిస్. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకున్నారు గానీ, థీడాకి ఫోను పడదు. మొహం కనపడకుండా ఎగతాళి చెయ్యడం ఆమెకి రాదు. మాటలు తగ్గాయి. థీడా పోయిందని ఫిబ్రవరిలో ఆశ్రమంలో వాళ్ళు చెప్పారు.

ఆర్లిస్ చేతిసంచిలో బన్ను పెట్టుకుని, తెల్లారి బయల్దేరి, మంచు రోడ్ల మీద ఒక్కతే కారు నడుపుకుంటూ సియోక్స్ ఫాల్స్ వెళ్ళింది. అంత దూరం ఒంటరిగా పోవడం అదే మొదలు. చర్చిలో చివరి వరసలో కూచుంది. పాస్టరు థీడా మంచి తల్లి అనీ, పూలమొక్కలంటే ఇష్టమనీ చెప్పాడు. ఆటమాట ఎత్తలేదు. ఆయనకి తెలీదు కాబోలు. పెట్టె మోసుకెళ్ళేటప్పుడు ఆర్లిస్ లేచి నిలబడింది. తెలియకుండానే కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు కాస్త ముందుకి చాచి ఉన్నాయి. చూసుకుని చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

కింద భోజనాల దగ్గర కరిన్ వచ్చింది. తల్లి పోలికే, కాస్త పొడుగు. "మిమ్మల్ని ఆశ్రమంలో చూసినట్టున్నాను. అమ్మ మీకు ఎలా తెలుసు?"

"చిన్నప్పుడు కలిసి ఆడాం."

"మీరూ నార్డెన్ జట్టేనా?"

"కాదు. బ్రాంట్."

కరిన్ కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అడగబోయింది. ఇంతలో వంటవాళ్ళెవరో పిలిస్తే, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అంటూ వెళ్ళింది. ఆ యాభై ఏళ్ళ మనిషి గదికి అడ్డంగా నడిచి వెళుతుంటే ఆర్లిస్ చూస్తూ కూచుంది. చక్కగా, బలంగా నడుస్తోంది. ఆ పక్క బల్ల దగ్గర చుట్టాలు ఆమెని కూచోబెట్టేసుకున్నారు.

ఒక పెద్దాయన వచ్చి ఆర్లిస్ పక్కనున్న కుర్చీ మీద చెయ్యి వేశాడు. "ఇక్కడెవరైనా కూచుంటున్నారా అమ్మా?"

"లేదండీ. తీసికెళ్ళండి."

ఆయన ఆ కుర్చీ ఎత్తుకుని చుట్టాల బల్ల దగ్గరికి తీసికెళ్ళాడు. ఆర్లిస్ చల్లారిన కాఫీ తాగేసి, తన పళ్ళెం తానే వంటగదిలో పెట్టింది. పడమట మబ్బు కమ్ముకొస్తోందని ఎవరో అంటున్నారు. మంచు మొదలవకముందే రాష్ట్రం దాటాలని కారు తీసింది.